బోగుమిల్ ఎత్తని ఫోను

మా ఊరు ఒల్షానీలో పెళ్ళి కుదిరితే ముందు చర్చిలో తేదీ అడగరు, బోగుమిల్‌ని అడుగుతారు. ఫాదర్ కావాలంటే పక్క ఊరి నుంచైనా వస్తాడు. బోగుమిల్‌కి మాత్రం బదులు మనిషి లేడు. మైకు పట్టుకుని పెళ్ళి నడిపించడం అతని వృత్తి. అతను లేని విందులో జనం తిని, తాగి, ఎదుటి గోడ చూస్తూ కూర్చుంటారు. అతనుంటే మోకాళ్ళు పట్టేసిన ముసలమ్మలు కూడా లేచి ఒకరి నడుం ఒకరు పట్టుకుని వరస కడతారు. వోడ్కా చేదుగా ఉందంటూ "చేదు! చేదు!" అని మొదట అరిచేది అతనే. అప్పుడు హాలంతా అందుకుంటుంది, కొత్త దంపతులు ముద్దు పెట్టుకుంటే గాని ఆ గోల ఆగదు.

నేను వాళ్ళ పక్కింటిదాన్ని. పేరు గెన్యా. ఊరి ఆడవాళ్ళ సంఘానికి పెద్దను కాబట్టి పండగ వచ్చినా, చావు వచ్చినా కేకులు చేయించే బాధ్యత నాది. అందరూ ముద్దుగా బోగుష్ అని పిలిచే బోగుమిల్‌ని లాగూలు తొడుక్కున్నప్పటి నుంచి ఎరుగుదును. వాడికి పదేళ్ళు కూడా రాకముందే తండ్రి పోయాడు. హెర్నియాకు చిన్న ఆపరేషన్ అన్నారు. "ఆదివారానికల్లా వచ్చేస్తా, బాతును కోసి ఉంచండి" అని నవ్వుతూ వెళ్ళిన మనిషి, మత్తు ఇచ్చాక మళ్ళీ కళ్ళు తెరవలేదు. ఆ తర్వాత బోగుమిల్ ఆసుపత్రి గడప తొక్కలేదు. భార్య యగోదా కాన్పుకు వెళ్తే ఇతను బయట కార్ల మధ్య తిరుగుతూ కూతురు పుట్టిన సంగతి కిటికీలోంచి కేక వేయించుకుని విన్నాడు. దాన్ని తనే పెళ్ళిళ్ళలో కథగా చెప్పి అందర్నీ నవ్వించేవాడు. తన భయాన్ని తానే నవ్వులాటగా మార్చుకున్నాక ఇక దాన్ని ఎవరూ భయంగా చూడలేదు.

మా వీధి చివర లుత్సినాకు క్షౌరశాల ఉంది. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకే కుర్చీ, ఒకే అద్దం. భర్త లేడు. కూతురు కొర్నేలియా బియావిస్తోక్ పట్నంలో కాలేజీలో చేరిన మొదటి సంవత్సరమే కాళ్ళ మీద నల్లటి మచ్చలతో ఇంటికొచ్చింది. ఎక్కడా పడలేదు, ఎవరూ కొట్టలేదు. చిగుళ్ళలోంచి రక్తం. మెట్లెక్కితే ఆయాసం. పరీక్షలు చేసి బ్లడ్ కాన్సర్ అన్నారు.

మందులు పడటం మొదలయ్యాక జుట్టు దిండు మీద కుచ్చులు కుచ్చులుగా రాలింది. ఒకరోజు పొద్దున లుత్సినా దుకాణం తలుపు వేసి, పరదా లాగి, కూతుర్ని ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి తల గొరిగింది. నేను సూపు గిన్నె పట్టుకుని వెళ్ళి తలుపు కొడితే చాలాసేపటికి తీసింది. నేల మీద జుట్టంతా ఊడ్చి ఒక మూలకు చేర్చింది గాని ఎత్తి పారెయ్యలేకపోయింది. కొర్నేలియా మాత్రం అద్దంలో చూసుకుంటూ, "గెన్యా పిన్నీ, నా తల ఇంత గుండ్రంగా ఉంటుందని ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదే!" అంది.

మందులతో రోగం తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. ఇక వేరేవాళ్ళ ఎముకల మజ్జలో పుట్టే మూలకణాలు తెచ్చి ఎక్కించాలన్నారు. అవి ఎవరివి పడితే వాళ్ళవి పనికిరావు. తల్లివి సరిపోలేదు, తోడబుట్టినవాళ్ళు లేరు. దాతలుగా పేరిచ్చిన కొత్తవాళ్ళలో ఎవరికో ఒకరికి కలవాలి. ఎంతమంది పేరిస్తే అంత ఆశ.

"ఊళ్ళో అడుగుదాం" అన్నాను నేను.

లుత్సినా ఒప్పుకోలేదు. "చేతనైన పని చేసి బతికానే గాని ఒకరి ముందు చెయ్యి చాపలేదు పిన్నీ. ఇప్పుడు మీ ఒంట్లోది తీసివ్వండని ఏ నోటితో అడగను?"

ఆ మాట జుట్టు కత్తిరించుకోడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ బోగుమిల్ చెవిన పడింది. "నిన్నెవరు అడగమన్నారు లుత్సినా? దేవుడు నాకు ఇంత గొంతు పెళ్ళిళ్ళలో అరవడానికే ఇచ్చాడా? నువ్వు పిల్ల దగ్గర కూర్చో. అడిగేది నేను."

నిజంగానే అడిగాడు. చర్చి అరుగు మీద, సంత రోజు కూరగాయల బళ్ళ మధ్య, అగ్నిమాపక దళం వాళ్ళ సమావేశంలో. దాతల పేర్లు నమోదు చేసే సంస్థ నుంచి మనుషుల్ని పిలిపించాడు. పంట చేతికొచ్చాక ఒక ఆదివారం పూజ అయ్యాక అగ్నిమాపక శాలలో ఎర్ర బండిని బయటికి తీసి లోపల బల్లలు వేశారు. మా సంఘం ఆడవాళ్ళం గసగసాల చుట్టలూ, బంగాళదుంపలు తురిమి కాల్చిన బాబ్కా, ఆపిల్ కేకులూ పెట్టాం. బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పించుకుని కాయితం మీద సంతకం పెడితే చాలు, ఒక కేకు ముక్క.

మైకు బోగుమిల్ చేతిలో ఉంది. అందరికంటే ముందు తనే నోరు తెరిచి పుల్ల తిప్పించుకున్నాడు. "చూడండర్రా, ఇంతే! మా అత్తగారి సూపు రుచి చూడ్డం కంటే తేలిక!" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. వరస గేటు దాటి రోడ్డెక్కింది.

ఆ వరసలోనే వలెంటి కూడా ఉన్నాడు. రంపపు మిల్లులో పని చేస్తాడు, మనిషి తలుపంత ఉంటాడు. తన వంతు రాగానే టోపీ తీసి చేత్తో పట్టుకుని, బల్ల వెనక కూర్చున్న అమ్మాయితో మెల్లగా అన్నాడు: "పేరిచ్చాక రేపు నిజంగా పిలిస్తే వెళ్ళాలి కదమ్మా?"

"అవునండీ. ఇష్టం లేకపోతే అప్పుడు కూడా వద్దనొచ్చు. కానీ అవతల ఒక మనిషి ఆశ పెట్టుకుని ఉంటారు కాబట్టి, ఇప్పుడే ఆలోచించుకుంటే మంచిది."

"అదే నా బాధ. నాకు సూదులంటే చచ్చే భయం. వెళ్తానో వెళ్ళనో నాకే తెలీదు. మాటిచ్చి తప్పేకంటే ఇవ్వకపోతేనే నయం కదా?"

"నయమేనండీ. ఇలా చెప్పినందుకు థాంక్సండీ" అంది ఆ అమ్మాయి.

అంతటితో అయిపోవలసింది. కానీ బోగుమిల్ పక్కనే ఉన్నాడు. మైకు నోటి దగ్గరే ఉంది.

"ఓహోహో! వినండి, వినండి! దుంగల్ని ఒంటిచేత్తో ఎత్తే మా వలెంటి, దూదిపుల్లను చూసి వెనక్కి తగ్గుతున్నాడు! అమ్మాయీ, ఆయనకో కుర్చీ వెయ్యమ్మా, పడిపోతే ఎత్తడానికి ట్రాక్టరు తేవాలి! ఒరే వలెంటీ, అక్కడ పిల్ల చస్తుంటే నీకు సూది భయమా? నీకంటే మా గెన్యా పిన్ని కోడిపెట్ట నయం కదరా, వారానికి రెండుసార్లు గుడ్డు పెడుతుంది, ఏడవదు!"

హాలంతా ఘొల్లుమంది. నవ్వనివాళ్ళు ఎవరైనా ఉన్నారేమో నాకు తెలియదు. వలెంటి చెవుల దాకా ఎర్రబడ్డాడు. టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ శీతాకాలమంతా బడిలో అతని పిల్లల వెనక మిగతా పిల్లలు కోడిలా కూశారట. ఆదివారం పూజకు కూడా ఆ కుటుంబం వెనక బల్ల మీద కూర్చుని, ముగియకముందే లేచిపోయేది.

మా ఊళ్ళో పేరిచ్చిన వాళ్ళలో ఎవరూ కొర్నేలియాకు కలవలేదు. కానీ క్రిస్మస్ దాటాక విదేశంలో ఎవరివో కణాలు కలిశాయని కబురొచ్చింది. ఎవరో ఏమిటో చెప్పరు. పిల్లను అద్దాల గదిలో పెట్టి, ఆమె సొంత మజ్జనంతా మందులతో చంపి, ఆ తెలియని మనిషి పంపిన సంచెడు కణాలు ఎక్కించారు. మేమందరం ఫాదర్‌తో పూజ చేయించాం.

సరిగ్గా ఆ రోజుల్లోనే బోగుమిల్‌కి ఫోనొచ్చింది. ఇక్కడి నుంచి నేను చెప్పేది తర్వాత బోగుమిల్, యగోదా విడివిడిగా చెప్పగా విన్నది.

"మీ కణాలు ఒక రోగికి సరిపోయేలా ఉన్నాయండీ" అంది ఫోనులో దాతల సంస్థ ఆవిడ.

బోగుమిల్ ఎగిరి గంతేశాడు. "నావా? నావేనా? ఎప్పుడు రమ్మంటారు? ఇప్పుడే రానా?"

ఆవిడ నవ్వి, ముందు రక్తపరీక్ష అనీ, ఆ తర్వాత డాక్టరు చూస్తాడనీ, మామూలుగా చేతి నరంలోంచే తీస్తారనీ, అంతకుముందు కొన్నాళ్ళు ఇంజెక్షన్లు ఉంటాయనీ వివరించింది. ఒక్కోసారి మాత్రం తుంటి ఎముక నుంచి తీయాల్సి వస్తుంది, అప్పుడు మత్తు ఇస్తారు అంది. అబద్ధం చెప్పకూడదు కాబట్టి అది కూడా చెప్పింది.

ఆ తర్వాత ఆవిడ ఏం చెప్పిందో బోగుమిల్‌కి వినపడలేదు. మత్తు అనే మాట దగ్గరే అతని చెవులు మూసుకుపోయాయి.

రక్తపరీక్షకు వెళ్ళలేదు. కారు స్టార్టవలేదని చెప్పాడు. రెండోసారి పెళ్ళి ఉందన్నాడు. మూడోసారి ఫోను మోగుతుంటే దాని మీద తువ్వాలు కప్పాడు. ఆవిడ సందేశం వదిలింది. "బోగుమిల్ గారూ, మీకు ఇష్టం లేకపోతే వద్దని ఒక్క మాట చెప్పండి చాలు. ఎవరూ తప్పు పట్టరు. మేం వేరే దారి వెతుక్కుంటాం. మీరేమీ చెప్పకపోతేనే మాకు ఇబ్బంది."

ఆ ఒక్క మాట కూడా అతను చెప్పలేకపోయాడు. "చెప్పేద్దామని ఫోను చేతిలోకి తీసుకుంటాను పిన్నీ" అన్నాడు నాతో తర్వాత. "నోరు తెరవగానే ఎదురుగా వలెంటి టోపీ పట్టుకుని నిలబడతాడు. వాడు అన్న మాటే నేనూ అనాలి. అది నోట్లోంచి రాదు. దాంతో రేపు చెప్దాం, రేపు చెప్దాం అని... ఆ రేపుల్లో అవతల మనిషి ఏమవుతున్నారో ఆలోచించకుండా ఉండటానికి రేడియో పెట్టుకునేవాణ్ణి."

చివరికి ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు ఫోను మోగింది. బోగుమిల్ చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "నువ్వెత్తు. నేను లేనని చెప్పు" అన్నాడు భార్యతో.

యగోదా అతని ముఖం చూసి ఫోనెత్తింది. "ఆయన ఇక్కడ లేరండీ. నార్వేలో పనికెళ్ళారు. ఎప్పుడొస్తారో తెలీదు" అంది. తన గొంతు తనకే పరాయిగా వినిపించిందట.

"సరేనమ్మా. రోగి తరఫు వాళ్ళు ఎదురుచూస్తున్నారు, అందుకే ఇన్నిసార్లు చేశాను. విసిగించినందుకు క్షమించండి" అని ఆవిడ పెట్టేసింది.

యగోదా ఫోను బల్ల మీద బోర్లించింది. "ఆవిడ నాకు క్షమాపణ చెప్పింది, విన్నావా?" అంది. "ఆవిడ! నాకు! నీ కోసం అబద్ధమాడాను బోగుష్. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. ఇంకోసారి అడిగావంటే పిల్లను తీసుకుని మా అమ్మ దగ్గరికి పోతా."

ఇక ఫోను రాలేదు.

కొర్నేలియా బతికింది. మొదట ముసుగు వేసుకుని, తర్వాత ముసుగు లేకుండా, తర్వాత తల మీద గొర్రెపిల్ల బొచ్చులాంటి ఉంగరాల జుట్టుతో వీధిలో నడిచింది. ఇంతకుముందు ఆమె జుట్టు తిన్నగా ఉండేది. ఊరంతా ఆమెను చూసి, తర్వాత బోగుమిల్‌ని చూసేవారు. "నువ్వు లేకపోతే ఎవరు కదిలేవారయ్యా!" అనేవారు. కోతల పండగనాడు గోధుమ కంకుల దండ అతని మెడలో వేశారు. లుత్సినా అతని దగ్గర క్షౌరానికి డబ్బులు పుచ్చుకోవడం మానేసింది. అతను వారాలకు వారాలు జుట్టు పెంచుకుని తిరిగేవాడు. ఆమే వీధిలో పట్టుకుని లాక్కొచ్చి కుర్చీలో కూలేసేది. కత్తెర ఆడినంతసేపూ కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. అద్దంలో తనను తాను చూసుకోలేకపోతున్నాడని మాకేం తెలుసు? పెళ్ళిళ్ళలో అలిసిపోయాడు, పాపం, అనుకున్నాం.

రెండేళ్ళు నిండాక దాతా రోగీ ఒప్పుకుంటే కలుసుకోవచ్చు. కొర్నేలియాకు ప్రాణమిచ్చిన మనిషి పేరు హైకే. లైప్‌జిగ్‌లో ట్రాము నడుపుతుంది. ఆవిడ ఒల్షానీకి వస్తోందంటే ఊరు ఊరంతా సున్నం వేసుకుంది. అగ్నిమాపక శాలలోనే విందు పెట్టాం. మైకు ఎవరు పట్టుకోవాలన్న ప్రశ్నే రాలేదు.

ముందు రోజు బోగుమిల్ మా ఇంటికొచ్చాడు. "గొంతు పోయింది పిన్నీ. ఇంకెవరినైనా చూడండి."

"గొంతు పోతే తేనె తాగు. లిండెన్ పువ్వుల టీ కాచిస్తాను, కూర్చో. నువ్వు కాకపోతే ఫాదర్ మాట్లాడతాడు, అందరం నిద్రపోతాం" అన్నాను. బలవంతాన తాగించి పంపాను. గుమ్మం దగ్గర ఏదో చెప్పబోయి ఆగాడు. నాకు ఓవెన్లో కేకు మాడుతోంది. వినడానికి ఆగలేదు.

హైకే పొట్టిగా, బొద్దుగా, ఎర్రటి చేతులతో, మా ఆడవాళ్ళలో ఒకదానిలాగే ఉంది. లుత్సినా ఆవిడను కావలించుకుని వదల్లేదు. ఇద్దరికీ భాష కలవదు, ఏడుపు మాత్రం కలిసింది. తర్వాత హైకే లేచి నాలుగు మాటలు మాట్లాడింది. కొర్నేలియా పక్కన నిలబడి ఒక్కో వాక్యం మాకు చెప్పింది.

"నన్ను వీరనారి అనకండి. పిలుపొచ్చినప్పుడు నాకు భయమేసింది. బాత్రూములో కూర్చుని ఏడ్చాను. వాళ్ళకు ఫోన్ చేసి, నాకు భయంగా ఉంది, ఒకరోజు టైమివ్వండి అని అడిగాను. ఇచ్చారు. మర్నాడు మా అక్కను తోడు తీసుకుని వెళ్ళాను. అంతే."

అందరూ చప్పట్లు కొట్టారు. బోగుమిల్ మైకు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇక అతను ఏదో జోకు వేసి గ్లాసులెత్తమనాలి. ఎత్తమనలేదు.

"నన్నూ పిలిచారు" అన్నాడు.

జనం మళ్ళీ చప్పట్లు మొదలుపెట్టారు.

"కాదు, ఆగండి. పిలిచారు, నేను వెళ్ళలేదు. ఫోనెత్తలేదు. నార్వే వెళ్ళానని చెప్పించాను."

ఎవరో పకపకా నవ్వారు. దాంతో బల్లలన్నీ నవ్వాయి. బోగుమిల్ కదా, ఇదేదో హాస్యానికి ఎత్తుగడ, చివర్లో చమక్కు ఉంటుందని అందరూ ఎదురుచూశారు. "నార్వేలో చేపలెలా ఉన్నాయ్ బోగుష్?" అని వెనక నుంచి కేక. నేనూ నవ్వాను.

"నవ్వకండర్రా" అన్నాడతను. ఆ గొంతు పెళ్ళిళ్ళ గొంతు కాదు. "దండం పెడతాను, నవ్వకండి. నిజం చెప్తున్నా. నా కణాలు సరిపోయిన మనిషి ఎక్కడో ఉన్నాడు. మగో ఆడో, పెద్దో పిల్లో తెలీదు. వద్దని చెప్పినా వాళ్ళు ఇంకొకర్ని వెతుక్కునేవాళ్ళు. అది కూడా చెప్పకుండా దాక్కున్నాను. కొర్నేలియా అద్దాల గదిలో ఉన్న నెలలోనే. మీరు నా మెడలో దండ వేశారు, వేయించుకున్నాను."

నవ్వు ఒక్కో బల్ల దగ్గరా ఆగిపోయింది. మాట అర్థంకాని హైకే మాత్రం ఇంకా చిరునవ్వుతో అందరి ముఖాలూ చూస్తోంది. కొర్నేలియా అనువదించడం ఆపేసింది. యగోదా తల వంచుకుని బల్లగుడ్డ అంచు మడతలు పెడుతోంది.

లుత్సినా లేచింది. మెల్లగా అతని ముందుకొచ్చి నిలబడింది.

"అవతల కూడా ఒక తల్లి ఉండి ఉంటుంది కదూ?" అంది.

"ఉండి ఉంటుంది."

"నేను ఫోను పక్కనే పడుకున్నాను ఆ రోజుల్లో. మోగితే బతుకుతుంది, మోగకపోతే లేదు అనుకుంటూ. ఆవిడా అలాగే పడుకుని ఉంటుంది. నిన్ను తిట్టడానికి కూడా నాకు నోరు రావట్లేదు బోగుమిల్. నా పిల్ల కోసం ఊరిని లేపింది నువ్వే. అదే నా ఖర్మ" అని వెళ్ళి హైకే పక్కన కూర్చుంది. విందు ఎలా ముగిసిందో నాకు సరిగ్గా గుర్తులేదు. కేకులు సగం మిగిలిపోయాయి.

ఆ తర్వాత పెళ్ళిళ్ళవాళ్ళు పక్క ఊరి మనిషిని పిలవడం మొదలుపెట్టారు. ఎవరూ మొహం మీద అనలేదు. బోగుమిల్ గోదాములో సరుకు ఎక్కించే పనికి కుదిరాడు. దాతల సంస్థకు ఫోన్ చేసి అంతా చెప్పాడు. తను వదిలేసిన ఆ మనిషి ఏమయ్యారని అడిగాడు. చెప్పడానికి వీల్లేదన్నారు. బతికారా లేదా అన్నంత వరకైనా చెప్పమన్నాడు. అదీ వీల్లేదన్నారు. "నా పేరు మళ్ళీ రాసుకుంటారా?" అని అడిగితే రాసుకున్నారు. ఆ పేరు మీద మళ్ళీ ఎప్పుడూ పిలుపు రాలేదు.

అందరి ముందూ ఒప్పుకున్నాక భారం దిగిందా అని అడిగాను ఒకరోజు.

"ఏం దిగడం పిన్నీ? ఇంటికెళ్ళి పడుకున్నాక గుర్తొచ్చింది, వలెంటి పేరే ఎత్తలేదని. నా తప్పు చెప్పుకునేటప్పుడు కూడా నా గురించే మాట్లాడాను."

వలెంటి ఇంటికి వెళ్ళాడు. వలెంటి పెరట్లో కట్టెలు చీలుస్తున్నాడు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. బోగుమిల్ చెప్పవలసిందంతా చెప్పి, క్షమించమన్నాడు.

వలెంటి గొడ్డలి దుంగ మీద ఆనించాడు. "నా సంగతి సరే. నేను పెద్దవాణ్ణి, మర్చిపోతా. మా చిన్నదాన్ని కోడి, కోడి అని ఏడిపించారు. అది బడికి పోనని మంచం కింద దూరేది. వాళ్ళ నాన్న పిరికివాడని ఊరికి మైకులో చెప్పావు. ఇప్పుడు నా పెరట్లోకొచ్చి చెవిలో క్షమాపణ చెప్తే మా చిన్నదానికి వినపడుతుందా?"

"మైకులోనే చెప్తాను."

"చెప్పు మరి. నాకోసం కాదు" అని మళ్ళీ గొడ్డలెత్తాడు.

మరుసటి సంవత్సరం కొర్నేలియా పట్టుబట్టి మళ్ళీ దాతల శిబిరం పెట్టించింది. "ఆయన్ని మాట్లాడనివ్వండి" అని తల్లితో గొడవపడింది కూడా ఆమే. లుత్సినా ఆ రోజు రాలేదు. బోగుమిల్ మైకు అందుకున్నాడు. వలెంటి పేరూ, అతని కూతురి పేరూ చెప్పి, తను ఏమన్నాడో మాట పొల్లుపోకుండా మళ్ళీ చెప్పి, ఆ రోజు హాల్లో నిజం మాట్లాడింది వలెంటి ఒక్కడేనని అన్నాడు. తర్వాత వరసలో నిలబడ్డవాళ్ళతో, "కేకు కోసం వచ్చినవాళ్ళు కేకు తిని వెళ్ళండి, సిగ్గేం లేదు. పక్కవాడు చూస్తున్నాడని మాత్రం పేరివ్వకండి. భయముంటే ఆ బల్ల దగ్గర చెప్పండి, వాళ్ళు వింటారు. పేరిచ్చాక మాత్రం ఫోనెత్తండి. వెళ్ళలేకపోతే వెళ్ళలేనని చెప్పడానికైనా ఎత్తండి" అన్నాడు. చాలామంది వరసలోంచి పక్కకు తప్పుకున్నారు. మొదటి శిబిరంలో పేరిచ్చినంతమందిలో సగం కూడా నిలవలేదు. నిలిచినవాళ్ళు మాత్రం బల్ల దగ్గర చాలాసేపు ప్రశ్నలడిగారు.

అలా నిలిచినవాళ్ళలో మందుల షాపులో పనిచేసే మిలేనా ఒకతె. చంటిపిల్ల తల్లి. కొన్నాళ్ళకు ఆమెకు పిలుపొచ్చింది. ఆ సాయంత్రం నేను బోగుమిల్ వాళ్ళ వంటింట్లో కజ్జికాయల్లాంటి పిరోగీలు ఒత్తుతున్నాను. మిలేనా తలుపు తోసుకుని వచ్చి చెప్పుల్తోనే నిలబడింది.

"బోగుమిల్ గారూ, నాకు పిలుపొచ్చింది. మా ఆయన వెళ్ళమంటాడు, మా అత్త వద్దంటుంది. ఎవరి దగ్గరికెళ్ళినా నీతులు చెప్తారు. మీరు... ఏమనుకోకండి... మీరు పారిపోయినవారు కదా, అందుకని వచ్చాను."

యగోదా చేతిలో పళ్ళెం ఆగిపోయింది. బోగుమిల్ ముఖం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది.

"అవునమ్మా, పారిపోయినవాణ్ణే" అన్నాడు. "కూర్చో. నీతులు చెప్పే మొహం కాదులే నాది. దేనికి భయం?"

"పిల్ల చిన్నది. నాకేదైనా అయితే?"

"ఆ డాక్టర్ని అదే మాట అడుగు. ఇదే మాట, ఇలాగే. నేను అడగలేదు. ఎవర్నీ ఏమీ అడగలేదు, మా నాన్న పోయాడు కాబట్టి నేనూ పోతాననుకున్నా, అంతే. అడిగాక వద్దనిపిస్తే వద్దని చెప్పేసి ఇంటికొచ్చెయ్. నిన్ను ఎవరైనా ఒక్క మాటంటే వాళ్ళింటికి నేనెళ్తా. కానీ ఇవాళే ఫోన్ చెయ్. అదొక్కటే. ఇక్కడే చెయ్, కావాలంటే నేను బయటికెళ్తా."

ఆమె అక్కడే చేసింది. అతను బయటికెళ్ళి పెరట్లో నిలబడ్డాడు, చలిలో, కోటు లేకుండా.

కణాలు ఇవ్వడానికి ఆమెను వార్సా తీసుకెళ్ళింది కూడా అతనే. ఆసుపత్రి గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయి, మిలేనా వెనక్కి తిరిగి చూస్తే లోపలికి అడుగు పెట్టాడట. చిన్నప్పటి నుంచి మొదటిసారి. పొద్దంతా నడవాలో కుర్చీ అంచున కూర్చున్నాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచేవాడు. రెండు మోచేతులకూ దూదీ పట్టీలతో మిలేనా బయటికొచ్చి, "ఆకలేస్తోంది, బీట్‌రూట్ సూపు ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగింది.

ఆమెను ఇంటి దగ్గర దింపి నేరుగా నా దగ్గరికొచ్చాడు. ముఖం చూసి మంచి కబురే అనుకున్నాను. "బాగానే ఉందా మిలేనా?" అన్నాను.

"బాగుంది. కారెక్కినప్పటి నుంచి నిద్రపోయింది. నోరు తెరుచుకుని, చంటిపిల్లలా." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పిన్నీ, ఒకటి చెప్తాను, యగోదాకు చెప్పకు. దారంతా ఆ పిల్లను చూస్తుంటే నాకు సంతోషం రాలేదు. అసూయ కలిగింది. ఎంత తేలిగ్గా నిద్రపోతోందా అని. దానికి కూడా సిగ్గుగా ఉంది."

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. పిరోగీలు వేసి, ఉల్లిపాయలు వేయించి, పళ్ళెం అతని ముందు పెట్టాను. తల వంచుకుని తిన్నాడు. అన్నీ తిన్నాడు. ఇంకొన్ని వెయ్యనా అంటే, వెయ్యమన్నాడు.